లోక్‌సభ ముఖం చూడని ప్రధాని.. సభనే రద్దు చేసిన తెలుగు రాష్ట్రపతి: 1979లో అసలేం జరిగింది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: పడమటి మండలాల పల్లెల్లో ‘ప్రెసిడెంటు’ అంటే ఇప్పటికీ సర్పంచే. ప్రెసిడెంటు సంతకం కావాలన్నా, ప్రెసిడెంటుతో మాట్లాడి రావాలన్నా అందరికీ అర్థమయ్యేది ఊరి పెద్దే. టీవీ పెడితే మాత్రం ప్రెసిడెంట్ అంటే ఒకరోజు అమెరికా అధ్యక్షుడు, ఇంకోరోజు దక్షిణ కొరియా అధ్యక్షుడు, మరోరోజు మన రాష్ట్రపతి. పేరు ఒకటే, పవర్ మాత్రం ఒకటి కాదు. చట్టసభకు, ప్రెసిడెంట్‌కు మధ్య పోరు వచ్చినప్పుడు చివరి మాట ఎవరిదన్నది దేశానికో రకంగా ఉంటుంది.

మన దేశంలో ఈ ప్రశ్న బాగా గట్టిగా వినిపించింది 1979లో. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది మన పక్క జిల్లా మనిషే. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. ఆయన ప్రధానిగా నియమించిన చరణ్‌సింగ్ ఒక్కరోజు కూడా లోక్‌సభను ఎదుర్కోలేదు. ఆ ప్రధాని సలహాపైనే సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు. ఆ నిర్ణయం సరైనదేనా అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. ఆ వివాదం ఏంటి? రాజ్యాంగం ఏం చెబుతోంది? దాని నుంచి దేశం ఏం నేర్చుకుంది? వివరంగా చూద్దాం.

ముందు లెక్క తెలియాలి.. ఎవరిని ఎవరు దించగలరు?

ఊళ్లో ఉదాహరణతోనే మొదలుపెడదాం. సర్పంచ్‌ను ఊరి ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. అందుకే వార్డు సభ్యులంతా ఒక్కటై అవిశ్వాసం పెట్టినా సర్పంచ్ దిగిపోడు. తప్పు చేశాడని తేలితే తొలగించే అధికారం పంచాయతీరాజ్ చట్టం కింద కలెక్టర్‌ది. మండల పరిషత్ అధ్యక్షుడి సంగతి వేరు. ఎంపీటీసీలు ఎన్నుకుంటారు కాబట్టి, ఎంపీటీసీలే అవిశ్వాస తీర్మానంతో దించేయొచ్చు.

దేశాల్లోనూ ఇంతే. అమెరికా, దక్షిణ కొరియా అధ్యక్షుల పదవి సర్పంచ్ పదవి లాంటిది. ఓటర్ల తీర్పుతో వస్తారు. ‘మాకు నమ్మకం లేదు’ అని సభ అన్నంత మాత్రాన పదవి పోదు. అభిశంసన అనే కష్టమైన దారి ఒక్కటే ఉంటుంది. మన ప్రధాని, ముఖ్యమంత్రి పదవులు ఎంపీపీ పదవి లాంటివి. సభలో మెజారిటీ ఉన్నంతసేపే కుర్చీ.

మరి మన రాష్ట్రపతి? ఈ రెండింటిలో దేనికీ అచ్చంగా సరిపోరు. ఎంపీలు, ఎమ్మెల్యేలు కలిసి ఎన్నుకుంటారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఎమ్మెల్యేలకూ ఈ ఎన్నికలో ఓటుంది. 2022 రాష్ట్రపతి ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, ఎంపీ ఓటు విలువ 700. కానీ ఎన్నికయ్యాక రాష్ట్రపతి పాలన నడపరు. మంత్రిమండలి సలహా ప్రకారమే నడుచుకోవాలని 74వ అధికరణం చెబుతోంది. ఎమర్జెన్సీ కాలంలో వచ్చిన 42వ సవరణ ఆ మాటను మరింత బిగించింది. 1978 నాటి 44వ సవరణ, సలహాను ఒక్కసారి వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనే వీలు ఇచ్చింది. అదే సలహా మళ్లీ వస్తే మాత్రం ఒప్పుకోవాల్సిందే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. సలహా ఇచ్చే ప్రధానికే మెజారిటీ ఉందో లేదో తెలియకపోతే? ఆ సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలా? 1979లో వచ్చిన పేచీ అంతా ఇదే.

ఎవరీ సంజీవరెడ్డి?

1913 మే 19న ఇల్లూరులో జన్మించిన నీలం సంజీవరెడ్డి, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిగా పనిచేసి, 1962లో మళ్లీ సీఎం అయ్యారు. రెండోసారి మాత్రం మధ్యలోనే దిగిపోయారు. కారణం ఒక బస్సు రూట్ల కేసు.

కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వ ఆర్టీసీకి అప్పగించే పథకం అది. తనకు రాజకీయంగా ఎదురు నిలిచినవాళ్ల రూట్లనే ముఖ్యమంత్రి లక్ష్యంగా చేసుకున్నారని బస్సుల యజమానులు కోర్టుకెక్కారు. ఆ ఆరోపణలను ఖండిస్తూ సీఎం స్వయంగా అఫిడవిట్ వేయలేదని సుప్రీంకోర్టు 1964లో వ్యాఖ్యానించి, ఆ పథకాన్ని కొట్టేసింది. రాజీనామా చేయమని కోర్టు చెప్పలేదు. అయినా ఆయన పదవి వదిలేశారు. అధికారంలో ఉన్నవాళ్లపై మచ్చ పడితే ఏం చేయాలన్న ప్రశ్న సంజీవరెడ్డికి కొత్తేమీ కాదన్నమాట.

1967లో హిందూపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకర్ అయ్యారు. స్పీకర్ కుర్చీలో కూర్చోగానే పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల బరిలో నిలిచారు. ‘ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయండి’ అని ఇందిరాగాంధీ పిలుపునిచ్చారు. ఫలితంగా సొంత పార్టీ అభ్యర్థి ఓడి, వి.వి.గిరి గెలిచారు. గిరి కూడా బరంపురంలో పుట్టిన తెలుగువారే.

ఎనిమిదేళ్లకు సీన్ మారింది. 1977లో ఎమర్జెన్సీ తర్వాత జరిగిన ఎన్నికల్లో ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. చిత్తూరు, రాజంపేట కూడా ఆ పార్టీవే. రాష్ట్రం మొత్తమ్మీద జనతా పార్టీ తరఫున గెలిచింది ఒక్క నంద్యాల, అక్కడి అభ్యర్థి సంజీవరెడ్డి. మళ్లీ స్పీకర్ అయి, కొన్ని నెలలకే ఆ పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికకు నిలిచారు. మొత్తం 37 నామినేషన్లు పడితే 36 తిరస్కరణకు గురయ్యాయి. అలా ఏకగ్రీవంగా గెలిచిన రాష్ట్రపతిగా 1977 జూలై 25న బాధ్యతలు చేపట్టారు.

స్కాండల్ నీడలో జనతా సర్కారు

1979 పోరు ఒక్కరోజులో పుట్టింది కాదు. దాని వెనుక రెండు వైపులా ఆరోపణలున్నాయి.

ఒకవైపు ఎమర్జెన్సీ అకృత్యాలు. వీటిపై జనతా ప్రభుత్వం షా కమిషన్ వేసింది. సభాహక్కుల ఉల్లంఘన కేసులో, చిక్కమగళూరు ఉపఎన్నికలో గెలిచి వచ్చిన ఇందిరాగాంధీని 1978 డిసెంబర్‌లో లోక్‌సభ బహిష్కరించి జైలుకు పంపింది. ఎమర్జెన్సీ కేసులను త్వరగా తేల్చేందుకు 1979లో ప్రత్యేక కోర్టుల చట్టం కూడా తెచ్చింది.

మరోవైపు అధికారపక్షంలోనే మంటలు. ప్రధాని మొరార్జీ దేశాయ్ కుమారుడు కాంతి దేశాయ్‌పై వచ్చిన ఆరోపణలను తేల్చాలని హోంమంత్రి చరణ్‌సింగ్ పట్టుబట్టారు. 1978 మధ్యలో చరణ్‌సింగ్ మంత్రి పదవి పోయింది. ప్రధాని, మాజీ హోంమంత్రి కుటుంబ సభ్యులపై వచ్చిన ఆరోపణల మీద విచారణ కోరుతూ అదే ఏడాది ఆగస్టులో రాజ్యసభ తీర్మానం చేసింది. 1979 జనవరిలో చరణ్‌సింగ్‌ను ఉప ప్రధానిగా మళ్లీ తీసుకున్నా పొసగలేదు.

ఆ 40 రోజులు.. తేదీల వారీగా

జూలై 11: ప్రతిపక్ష నేత వై.బి.చవాన్ మొరార్జీ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. జనతా నుంచి ఎంపీలు వరుసగా బయటకు వెళ్లిపోవడం మొదలైంది.

జూలై 15: ఓటింగ్‌కు ముందే మొరార్జీ రాజీనామా చేశారు. అంటే సభలో తలలు లెక్కపెట్టే అవకాశం అక్కడే తప్పిపోయింది.

జూలై 18: ప్రభుత్వం ఏర్పాటు చేయగలరేమో చూడమని రాష్ట్రపతి చవాన్‌ను కోరారు. నాలుగు రోజులకు ‘నావల్ల కాదు’ అని చవాన్ చెప్పేశారు.

జూలై 23: నాకు బలం ఉందంటే నాకు ఉందని మొరార్జీ, చరణ్‌సింగ్ ఇద్దరూ ముందుకొచ్చారు. మద్దతుదారుల జాబితాలు ఇవ్వమని రాష్ట్రపతి అడిగారు. జాబితాలు వచ్చాయి. కొన్ని పేర్లు రెండింట్లోనూ ఉన్నాయి! రాష్ట్రపతి భవన్ పరిశీలనలో చరణ్‌సింగ్ వైపే మొగ్గు కనిపించింది.

జూలై 28: ఇందిరా కాంగ్రెస్ బయటి నుంచి ఇచ్చిన మద్దతుతో చరణ్‌సింగ్ ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆగస్టు మూడో వారంలోగా సభలో విశ్వాసం పొందాలని రాష్ట్రపతి సూచించారు.

ఆగస్టు 20: బలపరీక్ష కోసం లోక్‌సభ సమావేశం కావాల్సిన రోజు. అంతకుముందే ఇందిరా కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకుంది. చరణ్‌సింగ్ సభకు వెళ్లకుండానే రాజీనామా చేసి, లోక్‌సభను రద్దు చేయమని సిఫారసు చేశారు. ఎమర్జెన్సీ కేసులు ఎత్తేయడానికి తాను ఒప్పుకోకపోవడమే మద్దతు పోవడానికి కారణమని ఆయన చెప్పుకున్నారు.

ఆగస్టు 22: రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేశారు.

జగ్జీవన్‌రామ్‌ను ఎందుకు పిలవలేదు?

అసలు వివాదం ఇక్కడే రాజుకుంది. అప్పటికి మొరార్జీ స్థానంలో జనతా పార్లమెంటరీ పార్టీ నేతగా జగ్జీవన్‌రామ్ వచ్చారు. ‘నాకు అవకాశం ఇవ్వండి, సభలో బలం చూపిస్తా’ అని రాష్ట్రపతిని కోరారు. అవకాశం వచ్చి ఉంటే దేశానికి తొలి దళిత ప్రధాని అయ్యేవారని ఆయన అభిమానులు ఇప్పటికీ అంటారు. పిలుపు రాలేదు. సభ రద్దయింది.

జనతా నేతలు భగ్గుమన్నారు. మెజారిటీ నిరూపించుకోని ప్రధాని ఇచ్చిన సలహాకు విలువేంటన్నది వాళ్ల ప్రశ్న. రాష్ట్రపతిని అభిశంసించాలన్న మాట కూడా వినిపించింది. 61వ అధికరణం ప్రకారం అది అంత తేలిక కాదు. ఏదో ఒక సభలో నాలుగో వంతు సభ్యులు సంతకాలు చేసి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. తర్వాత రెండో సభ విచారించి, అక్కడా అంతే మెజారిటీతో తేల్చాలి. 1979లో ఆ రెండు సభల్లో ఒకటి రద్దయి కూర్చుంది! ఇప్పటిదాకా దేశంలో ఏ రాష్ట్రపతీ అభిశంసనకు గురికాలేదు.

సంజీవరెడ్డి వైపు వాదనా ఉంది. అప్పటికే పార్టీలు చీలికలు పేలికలై ఉన్నాయి. రోజుకో గూటికి మారే ఎంపీలతో నిలబడే ప్రభుత్వం కష్టం. ఇందిరా కాంగ్రెస్ సహా పలు పార్టీలు మధ్యంతర ఎన్నికలే కావాలన్నాయి. ఇంకో ప్రభుత్వాన్ని నిలబెట్టేందుకు ఫిరాయింపులకు తలుపు తీసే కంటే ప్రజల దగ్గరకు వెళ్లడమే మేలన్నది ఈ వాదన. పదవి దిగాక 1989లో వచ్చిన ‘వితౌట్ ఫియర్ ఆర్ ఫేవర్’ అనే పుస్తకంలో ఆయన తన నిర్ణయాలను సమర్థించుకున్నారు.

రెండు వాదనలూ విన్నాక మిగిలే ప్రశ్న మాత్రం ఒకటే. తలలు లెక్కపెట్టాల్సిన చోటు ఏది? రాష్ట్రపతి భవన్‌లో కాగితాల మీదా, లోక్‌సభలో అందరి ముందా? 1979 జూలైలో ఓసారి, ఆగస్టులో ఇంకోసారి సభ ఓటు వేయాల్సిన ఘట్టం వచ్చింది. రెండుసార్లూ సభ ఓటు వేయకుండానే ఆట ముగిసింది. మన చిత్తూరు, రాజంపేట ఓటర్లు ఢిల్లీకి పంపిన ఎంపీలకూ చేయెత్తే అవకాశం రాలేదు.

ఐదు నెలల ఆపద్ధర్మ సర్కారు

సభ రద్దయినా చరణ్‌సింగ్ వెంటనే దిగలేదు. కొత్త ప్రభుత్వం వచ్చేదాకా, అంటే 1980 జనవరి 14 వరకు ఆపద్ధర్మ ప్రధానిగా కొనసాగారు. మొత్తం పదవీకాలం సుమారు 170 రోజులు. అందులో రాజీనామాకు ముందున్నవి 23 రోజులే. ఇలాంటి ప్రభుత్వం పెద్ద నిర్ణయాలు తీసుకోవచ్చా అన్న ప్రశ్న కోర్టులకూ వెళ్లింది. రోజువారీ పాలన, వాయిదా వేయలేని పనులకే పరిమితం కావాలని కలకత్తా హైకోర్టు అభిప్రాయపడింది.

1980 జనవరి ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్ 353 సీట్లు కొల్లగొట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41 ఆ పార్టీవే. 1969లో తన ఓటమికి కారణమైన నేతతోనే సంజీవరెడ్డి ప్రధానిగా ప్రమాణం చేయించాల్సి వచ్చింది. రాజకీయాల్లో ఓడలు బళ్లు, బళ్లు ఓడలు కావడమంటే ఇదే. ప్రత్యేక కోర్టుల కథ అంతటితో ముగిసిపోయింది. ఎమర్జెన్సీపై జరగాల్సిన విచారణలు అటకెక్కాయి.

1984, 1995.. అదే ప్రశ్న మన రాష్ట్రంలో

ఢిల్లీలో లేచిన ప్రశ్న హైదరాబాద్‌కు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. సభలో బలం చూపిస్తానన్న ఎన్టీఆర్ మాటను పట్టించుకోలేదు. దాంతో ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ఎదుట నిలబెట్టారు. ఎమ్మెల్యేలు జారిపోకుండా క్యాంపు మన పొరుగునే ఉన్న కర్ణాటకలోని నంది హిల్స్‌కు, మైసూరుకు మారింది. జనం రోడ్డెక్కారు. రామ్‌లాల్ పదవి వదిలారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

1995లో సీన్ రివర్స్. టీడీపీ ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది అప్పటి కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబునాయుడు వైపు వెళ్లారు. అసెంబ్లీని రద్దు చేయాలని ఎన్టీఆర్ ప్రభుత్వం సిఫారసు చేసింది. 1979లో చరణ్‌సింగ్ అడిగిందీ ఇలాంటిదే. కానీ గవర్నర్ కృష్ణకాంత్ సభను రద్దు చేయలేదు, బలం నిరూపించుకోమన్నారు. ఆగస్టు 31న ఎన్టీఆర్ రాజీనామా చేశారు. సెప్టెంబర్ 1న చంద్రబాబు తొలిసారి సీఎం అయ్యారు. అది వెన్నుపోటా, పార్టీని కాపాడుకోవడమా అన్న వాదన ఇప్పటికీ ఆగలేదు. రాజ్యాంగం లెక్కలో చూస్తే మాత్రం ఒకే ప్రశ్నకు ఢిల్లీలో ఒక జవాబు, హైదరాబాద్‌లో ఇంకో జవాబు వచ్చింది.

ఇప్పుడు రూల్ ఏంటి?

ఈ గందరగోళానికి చాలావరకు తెరదించింది ఎస్.ఆర్.బొమ్మై కేసు. 1989లో కర్ణాటకలో బొమ్మై ప్రభుత్వాన్ని బలపరీక్షకు అవకాశం ఇవ్వకుండా రద్దు చేశారు. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు 9 మంది జడ్జీల ధర్మాసనం స్పష్టంగా చెప్పింది. మెజారిటీ ఉందా లేదా అన్నది తేలాల్సింది సభలోనే, గవర్నర్ సొంత అంచనాతో కాదు.

1996లో వాజ్‌పేయి ప్రభుత్వానికి గడువు ఇచ్చారు. బలం లేదని తేలి 13 రోజులకే, లోక్‌సభలో చర్చకు సమాధానం చెప్పి మరీ దిగిపోయారు. 1999 ఏప్రిల్ 17న ఒక్క ఓటు తేడాతో అదే వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయింది. 269 అటు, 270 ఇటు. ఒక్క ఓటే అయినా దేశమంతా టీవీల్లో చూస్తుండగా లెక్క తేలింది. ఆ తర్వాత వేరే ప్రభుత్వం వచ్చే దారి ఉందేమో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ చూశారు. లేదని తేలాకే సభ రద్దయింది. 1979కి, 1999కి తేడా అదే.

బయటి దేశాల్లో ఎలా?

అమెరికాలో వాటర్‌గేట్ కుంభకోణం రిచర్డ్ నిక్సన్‌ను చుట్టుముట్టింది. యుద్ధానికి సేనలను పంపే అధికారంపై 1973లో కాంగ్రెస్ అంకుశం పెట్టింది. నిక్సన్ వీటో చేసినా లెక్కచేయలేదు. టేపులు ఇవ్వాల్సిందేనని 1974 జూలై 24న సుప్రీంకోర్టు తేల్చింది. అభిశంసన తప్పదని తెలిసి నిక్సన్ ఆగస్టు 9న తప్పుకున్నారు.

దక్షిణ కొరియాలో అధ్యక్షుడు యూన్ సుక్ యోల్‌కు ప్రతిపక్షం చేతిలో ఉన్న పార్లమెంటుతో పడలేదు. ఆయన భార్యపై వచ్చిన ఆరోపణల మీద ప్రత్యేక దర్యాప్తు కావాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. 2024 డిసెంబర్ 3 రాత్రి ఆయన సైనిక పాలన ప్రకటించారు. కొన్ని గంటల్లోనే సభకు చేరుకున్న 190 మంది ఎంపీలూ ఎత్తేయాలని ఓటేశారు. డిసెంబర్ 14న సభ అభిశంసించింది. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం పదవి నుంచి తొలగించింది. అక్కడ దేశాన్ని గట్టెక్కించింది అర్ధరాత్రి వేళ కూడా సభ కూర్చోగలగడమే.

చివరగా..

అధికారంలో ఉన్నవాళ్లపై ఆరోపణలు రావడం, సభతో పేచీ పడటం ఎక్కడైనా ఉండేదే. ఆ పేచీ ఎక్కడ తేలిందన్నదే ముఖ్యం. గదిలో తేలితే అనుమానం మిగులుతుంది. సభలో తేలితే ఓడినవాళ్లు కూడా కాదనలేరు. చరణ్‌సింగ్‌కు నిజంగా మెజారిటీ ఉందా, జగ్జీవన్‌రామ్‌కు ఉండేదా అన్నది ఇక ఎప్పటికీ ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే ఆ రోజు ఎవరూ లెక్కపెట్టలేదు.

మన ఎంపీ, మన ఎమ్మెల్యే సభలో వేసే ఓటు అంటే మనం బూత్‌లో వేసిన ఓటుకు కొనసాగింపే. ఆ ఓటు వేసే అవకాశం వాళ్లకు దక్కకపోతే, నష్టపోయేది వాళ్లను పంపిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఓటర్లే.